హాలాంగ్ బేలో ఓడ మీద ఒక రాత్రి: బుకింగ్ నుంచి తిరిగి ఒడ్డెక్కేదాకా

"వియత్నాంలో హాలాంగ్ బేకి ఏ క్రూజ్ మంచిది?" అని అడిగేవాళ్ళను నేను తిరిగి అడిగేది ఒకటే. ఆ ఓడ ఏ దారిలో వెళ్తుంది, రాత్రి ఎక్కడ లంగరు వేస్తుంది? చాలామంది ఈ సంగతి కనుక్కోరు. గది ఫొటో బాగుంది, రేటింగ్ బాగుంది, డబ్బు కట్టేశాం అంటారు. గది బాగుంటే మంచిదే. కానీ తెల్లవారి కర్టెన్ తీస్తే ఎదురుగా పచ్చటి కొండ, కదలని నీళ్ళు కనిపిస్తాయా, లేక పక్కన ఇంకో ఇరవై ఓడలు కనిపిస్తాయా అన్నది గదిని బట్టి ఉండదు, ఓడ దారిని బట్టి ఉంటుంది.

హనోయ్‌లో మకాం పెట్టుకుని, అక్కడినుంచి ఒకటి రెండు రాత్రులు ఓడలో గడపాలనుకునే కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ఇదే వరుసలో పనులు చేసుకుంటూ పోతే టెన్షన్ ఉండదు.

1. ముందు దారి, తర్వాతే ఓడ

"హాలాంగ్ బే క్రూజ్" పేరుతో అమ్మే ట్రిప్పులు నిజానికి మూడు వేర్వేరు చోట్లకి వెళ్తాయి. మూడూ పక్కపక్కనే ఉంటాయి, మూడింట్లోనూ అవే సున్నపురాతి దీవులు, అదే ఆకుపచ్చ నీరు. తేడా అంతా జనంలోనూ, చూపించే చోట్లలోనూ ఉంటుంది.

హాలాంగ్ బే అసలు భాగం: 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది ఇదే. సుంగ్ సోత్ గుహ, తి తోప్ దీవి, లువోన్ గుహ అన్నీ ఇక్కడే ఉన్నాయి. బాగా పేరున్నవన్నీ ఒకచోట చూసేయాలనుకుంటే ఈ దారి సరైనది. కానీ రాత్రి ఓడలూ, పగటి బోట్లూ మధ్యాహ్నం 2, 4 గంటల మధ్య ఈ చోట్లకే చేరతాయి. గుహలో ముందు నడిచేవాళ్ళ వీపులే ఎక్కువసేపు కనిపిస్తాయి.

లాన్ హా బే: దక్షిణాన, కాట్ బా దీవిని ఆనుకుని ఉంటుంది. ఇది క్వాంగ్ నిన్ రాష్ట్రంలోకి రాదు, హైఫోంగ్ నగర పాలన కింద ఉంటుంది. దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి, చిన్నచిన్న ఇసుక తీరాలుంటాయి, కయాక్‌కి (మనమే తెడ్డు వేసుకునే సన్నటి చిన్న పడవ) చాలా అనువు. చీకటి గుహ, వెలుగు గుహ అని ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, పడవలో లోపలికి వెళ్ళొచ్చు. వియెత్ హాయ్ అనే పల్లెకి సైకిల్ మీదో, బ్యాటరీ బండిలోనో తీసుకెళ్తారు. 2023లో కాట్ బా దీవులు కూడా వారసత్వ జాబితాలో చేరాయి కాబట్టి "అసలు హాలాంగ్ చూడలేదే" అన్న బెంగ అక్కర్లేదు.

బాయ్ తు లాంగ్ బే: ఈశాన్యం వైపు. ఓడలు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. వుంగ్ వియెంగ్ అనే నీటి మీద పల్లెకి తెడ్డు పడవల్లో తిప్పుతారు. అక్కడి కుటుంబాలను 2014లో ఒడ్డు మీదికి తరలించారు. ఇప్పుడు చూసేది ఆ ఇళ్ళూ, చేపల పెంపకం, పడవ నడిపే స్థానికులూ. జనం కాపురమున్న ఊరు అనుకుని వెళ్తే నిరాశ పడతారు, ముందే తెలిస్తే ఆ పడవ ప్రయాణం బాగుంటుంది.

నా సలహా ఇది. మొదటిసారి వెళ్తూ ఒక్క రాత్రే ఉండేవాళ్ళకి, ముఖ్యంగా పిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్ళేవాళ్ళకి లాన్ హా. జనం బొత్తిగా వద్దనుకునే జంటలకి బాయ్ తు లాంగ్. తి తోప్ శిఖరం మీదినుంచి ఫొటో కావాల్సిందే అంటే అసలు హాలాంగ్. ఆ మూడోది ఎంచుకుంటే సుంగ్ సోత్‌కి గానీ తి తోప్‌కి గానీ పొద్దున్నే తీసుకెళ్ళే ఓడ వెతకండి. మధ్యాహ్నానికీ ఉదయం ఏడున్నరకీ జనంలో చాలా తేడా ఉంటుంది.

2. నెల ఎంచుకోవడం

అక్టోబర్, నవంబర్ అన్నిటికన్నా మంచివి. ఆకాశం తేటగా ఉంటుంది, ఉక్క తగ్గుతుంది. మార్చి చివరి నుంచి మే దాకా కూడా బాగుంటుంది.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి. ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టూ తిరుగుతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. వియత్నాం అంటే వేడి దేశమేగా అని పలచటి బట్టలతో దిగిన మనవాళ్ళు డెక్ మీద గాలికి వణికిపోతారు. ఫిబ్రవరి, మార్చిల్లో పొగమంచు, ముసురు పట్టుకుంటాయి. కొండలు సగం మాయమై కనిపించడం కొందరికి ఇష్టం, కానీ సూర్యాస్తమయం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వేడి, ఉరుముల వానలు, తుఫానులు. మన స్కూళ్ళ సెలవులు మే, జూన్‌లో కాబట్టి చాలామంది ఈ అంచులోనే పడతారు. వీలైతే మేలోనే ముగించుకోండి. జూలై, ఆగస్టుల్లో వెళ్ళక తప్పకపోతే ఓడ తేదీ తర్వాత హనోయ్‌లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. ఇవాళ రద్దయితే రేపు వెళ్ళొచ్చు.

జనవరి చివర, ఫిబ్రవరిలో వచ్చే తెత్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండగ వారం వద్దు. హనోయ్‌లో సగం దుకాణాలు మూసేస్తారు, రేట్లు పెరుగుతాయి.

3. ఒక రాత్రా, రెండు రాత్రులా

ఒక రాత్రి ట్రిప్ అంటే "2 రోజులు" అని రాస్తారు గానీ, ఓడ మీద మీరుండేది ఇంచుమించు 23 గంటలు. మధ్యాహ్నం 12కి ఎక్కి, మర్నాడు 11కి దిగుతారు. అందులో నిద్ర, నాలుగు పూటల తిండి పోను, నీళ్ళ మీద తిరిగేది నాలుగైదు గంటలు.

రెండు రాత్రులైతే మధ్యలో రోజంతా చిన్న బోటులో దూరంగా, జనం లేని వైపుకి తీసుకెళ్తారు. నిజంగా బాగుండేది ఆ రోజే. ఖర్చు భరించగలిగితే, వియత్నాంలో వారం పైగా ఉంటుంటే, రెండు రాత్రులు తీసుకోండి. మొత్తం ట్రిప్పే ఐదారు రోజులైతే ఒక రాత్రి చాలు.

పగటిపూట వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడం మాత్రం ఎవరికీ చెప్పను. రానూపోనూ ఐదు గంటలు రోడ్డు మీదే పోతుంది.

4. ఓడను పట్టుకోవడం

ఒక రాత్రికి మనిషికి రమారమి 100 నుంచి 250 డాలర్ల మధ్య ఉంటుంది. ఇద్దరు ఒక కేబిన్ పంచుకుంటారన్న లెక్కతో చెప్పే ధర అది. ఒంటరిగా వెళ్తే అదనంగా కట్టాలి. మరీ చవగ్గా కనిపించేదాన్ని వదిలేయండి. ధర తగ్గిన చోట తిండీ, నిర్వహణా తగ్గుతాయి, నీళ్ళ మీద ఆ రెండూ తగ్గకూడదు.

డబ్బు కట్టేముందు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఈ ప్రశ్నలు పంపండి. ఫోన్లో మాటలు చాలవు, జవాబు రాతలో ఉండాలి.

☐ ఓడ ఏ బేలో తిరుగుతుంది, రాత్రి లంగరు ఎక్కడ?
☐ ఏ రేవు నుంచి బయల్దేరుతుంది? తువాన్ చావు, బాయ్ చాయ్‌లోని అంతర్జాతీయ క్రూజ్ రేవు, హైఫోంగ్ వైపు గోత్ రేవు వేర్వేరు చోట్లు.
☐ మొత్తం కేబిన్లు ఎన్ని? 
☐ ఓడ ఎప్పుడు కట్టారు, ఎప్పుడు మరమ్మతు చేశారు? చెక్కదా, ఉక్కుదా?
☐ హనోయ్ నుంచి వ్యాన్, ప్రవేశ రుసుములు, కయాక్ ధరలో కలిపే ఉన్నాయా?
☐ భోజనంలో మంచినీళ్ళు ఉచితమా?
☐ వాతావరణం బాగోక రద్దయితే డబ్బు ఎంత వెనక్కిస్తారు, ఎన్ని రోజుల్లో?
☐ శాకాహారం పూర్తిగా విడిగా వండుతారా?

కేబిన్ల సంఖ్య ఎందుకంటే, చిన్న బోటులోకి ఎక్కించి దించే పని దాన్ని బట్టే ఉంటుంది. నలభై యాభై కేబిన్ల ఓడలో గుహకి వెళ్ళాలంటే లైన్లో నిలబడటమే సరిపోతుంది. ఇరవై లోపు కేబిన్లున్నవి నాకు నచ్చుతాయి.

కేబిన్ స్థలం కూడా అడిగి తీసుకోండి. కింది డెక్ వెనక వైపు గదుల్లో రాత్రంతా జనరేటర్ మోత వినిపిస్తుంది. మరీ ముందు వైపైతే తెల్లవారుజామున లంగరు గొలుసు లాగే చప్పుడుకి ఉలిక్కిపడి లేస్తారు. రెస్టారెంట్ కింద గదైతే కుర్చీలు జరిపే శబ్దం. రెండో డెక్ మధ్య గదులు అన్నిటికీ మేలు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తుంటే భోజనశాల ఉన్న డెక్ మీదే గది అడగండి, ఓడల్లో మెట్లు నిటారుగా ఉంటాయి.

5. వీసా, పాస్‌పోర్టు, పేర్లు

భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళకి ఈ-వీసా కావాలి. 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లకి 50. అడ్రసు చివర "గవ్ డాట్ వీఎన్" అని ఉండే వియత్నాం ప్రభుత్వ సైట్‌లోనే దరఖాస్తు చేయండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెట్టింపు గుంజుతాయి. మూడు పనిదినాల్లో వస్తుందని చెప్తారు, మీరు మాత్రం రెండు మూడు వారాల ముందే వేసుకోండి. కట్టిన ఫీజు వెనక్కి రాదు.

మన పేర్లతో చిక్కొకటి ఉంది. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ఇంకొందరికి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. ఫారంలో అలవాటుగా నింపేయకుండా, పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలు చూసి, అక్కడ ఎలా ఉంటే అలా నింపండి. ఇంగ్లీషు "ఓ" అక్షరానికీ సున్నాకీ తేడా చూసుకోండి. వీసా చేతికొచ్చాక పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఒక్కొక్కటి చదివి సరిచూడండి. తప్పుంటే అప్పుడే మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలి, ఎయిర్‌పోర్టులో ఎవరూ దిద్దరు.

ఓడ వాళ్ళు పాస్‌పోర్టు వివరాలు ముందే అడుగుతారు. ప్రయాణికుల జాబితా రేవు అధికారులకి ఇవ్వాలి కాబట్టి అది మామూలే. ఆ రోజు అసలు పాస్‌పోర్టు వెంట ఉండాలి, హనోయ్ హోటల్ లాకర్లో పెట్టి రాకండి.

6. తిండి సంగతి

మనవాళ్ళు ఎక్కువ అడిగేది దీని గురించే.

ఓడ మీద వంటంతా సముద్రపు సరుకు. రొయ్యలు, ఆల్చిప్పలు, చేప, స్క్విడ్. కారం తక్కువ, మసాలా ఉండదు. తినేవాళ్ళకి తాజాగా, రుచిగా ఉంటుంది. కోనసీమ, నెల్లూరు పులుసుల ఘాటు మాత్రం ఆశించకండి.

శాకాహారులకి అసలు చిక్కు చేప సాస్. దాని పేరు "నుయోక్ మామ్". కూరగాయల వేపుడులోనూ పోస్తారు. "వెజిటేరియన్" అంటే మాంసం ముక్క లేకుండా పెడతారు, సాస్ మాత్రం ఉండొచ్చు. అందుకని "అన్ చాయ్" అని చెప్పండి. బౌద్ధులు తినే శాకాహారమని దాని అర్థం, అక్కడ వంటవాళ్ళకి అది వెంటనే తెలుస్తుంది. దానికి తోడు చేప సాస్ వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, కోడిగుడ్డు వద్దు అని మీకు పనికిరానివి విడివిడిగా రాసి పంపండి. జైనులూ, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్ళూ అది కూడా రాయాలి. బుకింగ్‌లో ఒకసారి, ముందు రోజు ఒకసారి, ఓడ ఎక్కగానే రెస్టారెంట్ బాధ్యుడికి ఒకసారి, మొత్తం మూడుసార్లు చెప్పాలి. సరుకు ఒడ్డునే ఎక్కించుకుంటారు, నీళ్ళ మధ్యకి వెళ్ళాక చెప్తే తోటకూర లాంటి ఆకుకూర వేపుడూ, అన్నమూ తప్ప మార్గం ఉండదు.

వెంట ఏం తీసుకెళ్ళాలంటే: కంది పొడి, కరివేపాకు పొడి, చిన్న నెయ్యి సీసా, వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా, పోహా ప్యాకెట్లు. తెల్లన్నం ఎంత కావాలన్నా పెడతారు, పొడీ నెయ్యీ ఉంటే పూట గడిచిపోతుంది. ఆవకాయ తీసుకెళ్ళొచ్చు గానీ, చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ఆపుతారు. రెండు కవర్లలో బిగించి చెక్-ఇన్ లగేజీలో వేయండి. చాలా కేబిన్లలో కెటిల్ ఉంటుంది. అందులో నీళ్ళు మాత్రమే కాచండి, నూడుల్స్ ఉడికించకండి.

బయటి మద్యం తెస్తే చాలా ఓడలు రుసుం వేస్తాయి.

7. సంచి సర్దడం

పెద్ద సూట్‌కేసులు హనోయ్ హోటల్లోనే వదిలేయండి. మళ్ళీ అదే హోటల్‌కి వచ్చేటట్టైతే సాధారణంగా ఉచితంగానే ఉంచుకుంటారు. ఓడకి ఒక రాత్రికి సరిపడా చిన్న సంచి చాలు.

☐ అసలు పాస్‌పోర్టు, వీసా ప్రింటు
☐ పట్టు జారని చెప్పులు లేదా తడిసినా ఫరవాలేని బూట్లు. గుహల్లో రాయి నున్నగా, తడిగా ఉంటుంది
☐ కయాక్‌కి మార్చుకునే బట్టలు రెండు జతలు
☐ ఫోన్‌కి నీళ్ళు చొరబడని కవరు, మెడలో వేసుకునేది
☐ పలచటి రెయిన్‌కోటు. గొడుగు డెక్ మీద గాలికి నిలవదు
☐ నవంబర్ నుంచి మార్చి దాకా స్వెటర్, చెవులు కప్పే టోపీ
☐ స్టీలు నీళ్ళ సీసా. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని బేలో నిషేధించారు
☐ రోజూ వేసుకునే మందులు, దోమల క్రీము, వాంతుల మాత్రలు
☐ చిన్న నోట్లలో డాంగ్‌లు (వియత్నాం డబ్బు)

సముద్రం అనగానే భయపడతారు గానీ, దీవులు గోడల్లా అడ్డుంటాయి కాబట్టి మామూలు రోజుల్లో ఓడ ఊగడం తెలియనే తెలియదు. కారులో కడుపు తిప్పేవాళ్ళు మాత్రం మాత్ర దగ్గర ఉంచుకుంటే చాలు.

మన రెండు పిన్నుల చార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి, మూడు పిన్నులవి పట్టవు. డ్రోన్ వద్దు, వియత్నాంలో దానికి ముందుగా అనుమతి ఉండాలి.

8. హనోయ్ నుంచి రేవుకి

హనోయ్ పాత బస్తీలో హోటళ్ళ దగ్గర ఉదయం 7:30, 8:30 మధ్య వ్యాన్ ఎక్కించుకుంటుంది. ఎక్స్‌ప్రెస్ వే మీద రెండున్నర గంటలు. మధ్యలో ముత్యాల దుకాణంలోనో, హస్తకళల దుకాణంలోనో ఆపుతారు. టాయిలెట్ వాడుకుని బయటికొచ్చేయొచ్చు, కొనాలన్న మొహమాటం అక్కర్లేదు.

పాత బస్తీ బయట హోటలైతే వ్యాన్ రాకపోవచ్చు, పికప్ ఎక్కడో ముందు రోజే తేల్చుకోండి. సొంతంగా ట్యాక్సీలో వెళ్తే రేవు పేరుతో పాటు ఆ ఓడ లాంజ్ నంబరు కూడా కావాలి. తువాన్ చావులో ఒక్కో కంపెనీకి ఒక్కో లాంజ్ ఉంటుంది.

అదే రోజు ఉదయం హనోయ్‌లో విమానం దిగి నేరుగా ఓడ ఎక్కే ప్లాన్ వేసుకోకండి. విమానం గంట ఆలస్యమైతే ఓడ ఆగదు, డబ్బు కూడా రాదు. ముందు రాత్రి హనోయ్‌లో పడుకోవాలి.

9. ఓడ ఎక్కిన మొదటి పావుగంట

స్వాగతానికి జ్యూస్ ఇస్తారు, తాళాలు ఇస్తారు, అందరూ ఫొటోల కోసం పై డెక్‌కి పరిగెడతారు. మీరు ముందు ఈ నాలుగు పనులు చేయండి.

☐ కేబిన్‌లో లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూడండి. మంచం కిందో, అల్మరాలోనో ఉంటాయి. బయటికి తీసి, బకిల్స్ పనిచేస్తున్నాయో లేదో పెట్టి చూడండి. మనుషులెంతమందో అన్ని ఉండాలి, పిల్లల సైజు అడిగి తెప్పించుకోండి.
☐ కేబిన్ తలుపు నుంచి బయటి డెక్‌కి దారి ఒకసారి నడిచి చూడండి. రాత్రి కరెంటు పోయినా వెళ్ళగలగాలి.
☐ కిటికీ తెరుచుకుంటుందో లేదో, పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి.
☐ భద్రత గురించి చెప్పేటప్పుడు కుటుంబమంతా అక్కడే ఉండండి.

ఇది చాదస్తం కాదు. 2011 ఫిబ్రవరిలో తి తోప్ దగ్గర లంగరు వేసిన ఓడ తెల్లవారుజామున మునిగి, నిద్రలో ఉన్న 12 మంది చనిపోయారు. 2025 జూలై 19న మధ్యాహ్నం ఉన్నట్టుండి వచ్చిన ఉరుముల గాలివానకి పగటి ట్రిప్ బోటు బోల్తా పడి 35 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం మనం మరిచిపోలేం. బోటు ఎక్కగానే జాకెట్ ఏదని అడగడం మనకి ఈపాటికి అలవాటై ఉండాలి.

చిన్న బోటులోకి దిగినప్పుడల్లా జాకెట్ వేసుకుని, నడుము బకిల్ పెట్టుకోండి. ఫొటో కోసం విప్పకండి. ఆకాశం ఒక్కసారిగా నల్లబడి చల్లగాలి మొదలైతే, పెద్ద ఓడ మీదున్నా జాకెట్ వేసుకుని, బయటికి దారి దగ్గరున్న చోటికి పిల్లలతో సహా వచ్చేయండి. సిబ్బంది ఎటు చెప్తే అటు నడవండి.

10. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా

భోజనం ఒంటిగంటకి. ఓడ కదిలేది కూడా అప్పుడే కాబట్టి కిటికీ పక్క టేబుల్ అడగండి. 2 లక్షల డాంగ్ నోటు జేబులో ఉంటే వెనక వైపు చూడండి, దాని మీదున్న ధూపపాత్ర లాంటి రాతి దీవి ఈ బేలోదే. అసలు హాలాంగ్ దారిలో వెళ్తే అది ఎదురవుతుంది.

గుహకి: సుంగ్ సోత్‌లో ఎక్కడం, దిగడం కలిపి వందల మెట్లుంటాయి, తిరిగి బయటపడే దారి వేరు. సగం నుంచి వెనక్కి రావడం కష్టం. తి తోప్ కొండకి 400 పైచిలుకు మెట్లు. పెద్దవాళ్ళని కింద తీరంలో కూర్చోబెట్టి వెళ్ళడమే మంచిది. బలవంతాన ఎక్కించకండి.

కయాక్‌కి: ఇద్దరు కూర్చునేవే ఎక్కువ. బరువైన మనిషి, ఓపికున్న మనిషి వెనక కూర్చోవాలి, మలుపు తిప్పేది వెనకవాళ్ళే. ముందు మనిషి వేసే తెడ్డు లయనే వెనక మనిషి అందుకోవాలి. ఇద్దరూ ఎవరికి వాళ్ళు వేస్తే తెడ్లు ఒకదానికొకటి కొట్టుకుని కయాక్ ఉన్నచోటే తిరుగుతుంది. ఎక్కేటప్పుడు నిలబడకండి, ముందు కూర్చుని తర్వాత కాళ్ళు లోపల పెట్టండి. భయముంటే కయాక్ బదులు తెడ్డు పడవ అడగండి, స్థానికులే నడుపుతారు.

ఇక్కడ పోటూ పాటూ మన కోస్తాలో లాగా రోజుకి రెండేసిసార్లు రావు. ఈ బే ఉన్న టోంకిన్ సింధుశాఖలో సాధారణంగా రోజుకి ఒక్కసారే పోటు, ఒక్కసారే పాటు. నీటి మట్టం 3, 4 మీటర్ల దాకా మారుతుంది. లువోన్ లాంటి గుహ కమానుల కింద నుంచి కయాక్‌లో దూరాలంటే నీరు మరీ ఎక్కి ఉండకూడదు. "ఇవాళ లోపలికి పోనివ్వరు" అని గైడ్ అంటే బద్ధకించి చెప్తున్నాడనుకోకండి. దీవుల అడుగున రాతి మీద తడి గీత చూస్తే నీరు ఎంత ఎక్కి దిగిందో తెలుస్తుంది. ఆ గీత కింద గుత్తులుగా అతుక్కున్న ఆల్చిప్పలు కత్తుల్లా ఉంటాయి. చేత్తో రాతిని తోసి కయాక్ తిప్పబోతే అరచెయ్యి తెగుతుంది. తెడ్డుతోనే తోయండి.

నవంబర్, డిసెంబర్‌లలో సాయంత్రం ఐదున్నర లోపే పొద్దుగూకుతుంది. కయాక్ నుంచి రాగానే స్నానానికి పోకుండా, తువ్వాలు కప్పుకుని నేరుగా పై డెక్‌కి వెళ్ళండి. స్నానం తర్వాతైనా చేయొచ్చు.

రాత్రి భోజనం ఏడింటికి. ఆ తర్వాత వెనక డెక్ మీద లైటు వేలాడదీసి స్క్విడ్ పట్టనిస్తారు. పడటం అరుదు, పిల్లలకి మాత్రం సరదా. గేలాన్ని నీళ్ళలోకి వదిలి ఊరికే పట్టుకుంటే లాభం లేదు, చేతిని పైకీ కిందికీ చిన్నగా కదుపుతూ ఉండాలి.

పదిన్నర దాటాక ఒకసారి మళ్ళీ పైకి రండి. పాటలు ఆగిపోతాయి, దీవుల మీద పురుగుల రొద వినిపిస్తుంది. ఇందుకే రాత్రి ఓడలో ఉండమని చెప్పేది. పిల్లల్ని ఒంటరిగా డెక్ మీదికి పంపకండి. బాల్కనీ తలుపు గొళ్ళెం పెట్టి పడుకోండి.

11. తెల్లవారి

ఆరింటికి పై డెక్ మీద తాయ్ చీ (నెమ్మదిగా చేసే చైనా వ్యాయామం) చేయిస్తారు. వియత్నాం మనకన్నా గంటన్నర ముందుంటుంది కాబట్టి ఒంటికి అది తెల్లవారుజామున నాలుగున్నరే. అయినా లేవండి. పగటి బోట్లు ఇంకా రాని ఆ గంటలో నీళ్ళు అద్దంలా ఉంటాయి.

టిఫిన్ తిని ఏడున్నరకి రెండో విహారానికి వెళ్ళేముందే సంచి సర్దేయండి. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర, గది అప్పుడే ఖాళీ చేయాలి. తడి బట్టలకి ఒక కవరు విడిగా ఉంచుకోండి.

బిల్లు కూడా రాత్రే అడిగి చూసుకోండి. మీరు తాగని డ్రింకు అందులో ఉంటే అప్పుడే చెప్పొచ్చు, దిగేటప్పుడు లైన్లో నిలబడి వాదించలేరు. కార్డు వాడితే కొంత శాతం అదనంగా వేస్తారు. టిప్ ఇవ్వాలనుకుంటే రిసెప్షన్ పక్కన డబ్బా ఉంటుంది, అందులో వేస్తే వంటవాళ్ళకీ, గది శుభ్రం చేసేవాళ్ళకీ కూడా అందుతుంది.

12. ట్రిప్ రద్దయితే

తుఫాను హెచ్చరిక ఉంటే ఓడలు కదలాలా వద్దా అన్నది కంపెనీ చేతుల్లో ఉండదు, రేవు అధికారులు నిర్ణయిస్తారు. ఒక్కోసారి ఆ రోజు పొద్దున్నే చెప్తారు. 2024 సెప్టెంబర్‌లో యాగి తుఫాను వచ్చినప్పుడు రేవులో కట్టేసిన పర్యాటక బోట్లే ఎన్నో మునిగిపోయాయి. కాబట్టి ఆపితే గొడవపడకండి.

రద్దయినప్పుడు మూడు దారులుంటాయి: తేదీ మార్చుకోవడం, డబ్బు వెనక్కి తీసుకోవడం, రాత్రి ఓడలో ఉండకుండా పగటి విహారంతో సరిపెట్టుకోవడం. మూడోదానికి వెంటనే ఒప్పుకోకండి, ఎంత తిరిగిస్తారో ముందు తేల్చుకోండి. వ్యాన్ ఖర్చు పట్టుకుని మిగతాది ఇవ్వడం మామూలే. అసలు హాలాంగ్‌కి క్వాంగ్ నిన్ అధికారులు, లాన్ హాకి హైఫోంగ్ అధికారులు విడివిడిగా అనుమతిస్తారు. ఒకటి ఆగినా రెండోది నడవొచ్చు, అడిగి చూడండి.

మధ్యవర్తి సైట్‌లో బుక్ చేసినవాళ్ళు ఓడ కంపెనీతో పాటు ఆ సైట్‌కి కూడా అదే రోజు మెసేజ్ పెట్టాలి. రద్దు చేసినట్టు వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళూ అదే అడుగుతారు.

13. తిరుగు ప్రయాణం

పదకొండు, పదకొండున్నరకి రేవులో దింపుతారు. హనోయ్ హోటల్ చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర, మూడు అవుతుంది. నగరంలో ట్రాఫిక్ పట్టుకుంటే ఇంకో అరగంట. అక్కడినుంచి నోయ్ బాయ్ ఎయిర్‌పోర్టుకి ముప్పావుగంట, అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందుండాలి. ఈ లెక్కన అదే రోజు తిరుగు విమానమైతే రాత్రి ఎనిమిది తర్వాతదే తీసుకోండి. ఉత్తరాన కొండల్లో ఉన్న సాపాకి రాత్రి బస్సైతే తొమ్మిది తర్వాతది. హనోయ్‌కి దక్షిణాన ఉన్న నిన్ బిన్ వెళ్ళేవాళ్ళు మళ్ళీ హనోయ్ రానక్కర్లేదు. రేవు నుంచి నేరుగా నిన్ బిన్‌కి వ్యాన్లున్నాయి, ముందు రోజే సీటు చెప్పుకోవాలి. అలా వెళ్ళేటట్టైతే మాత్రం హనోయ్‌లో సూట్‌కేసు వదలకుండా వెంట తెచ్చుకోండి, ఓడ రిసెప్షన్‌లో ఉంచుకుంటారు.